రోగి వేషము – వైద్యుని పరీక్ష



గ్రామములలో పెరిగిన మన కందఱకును పగటివేషములు తెలిసినవే. పట్టపగలు, తెర లేక, రంగస్థలము లేక, వీధిలోనికి వచ్చి, అరుగుమీద కూర్చున్నవానిని నమ్మించుట ఆ కళ. రాత్రి యాడు భాగవతమునకు దివిటీల వెలుతురు కొంత తోడ్పడును. పగటివేషగానికి ఆ సహాయము కూడ లేదు. అర్ధనారీశ్వర వేషము కట్టినవాడు ఒక ప్రక్కనుండి చూచిన పురుషుడు, మఱియొక ప్రక్కనుండి చూచిన స్త్రీ. ఆ రెండింటి నడుమ నతుకు కనబడరాదు. నేడు నేను ముచ్చటింపబోవునదియు నట్టి వేషమే. అయితే దీనిని చూచి మెచ్చి ధాన్యము కొలుచువా రెవరును లేరు. ఇది రోగి వేషము. ఆరోగ్యముగా నున్న మనుష్యుడు రోగివలె నటించును. వైద్యవిద్యార్థి వానిని ప్రశ్నించి, పరీక్షించి, రోగ మెట్టిదో కనుగొనవలెను. అతడు ప్రశ్నించిన తీరును, తాకిన తీరును, మాటలాడిన తీరును బట్టి మార్కులు వేయుదురు. ఇట్టి నటుని ఇంగ్లీషువారు సిమ్యులేటెడ్ పేషెంటు అందురు. నేను వేషరోగి యందును.

నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. అయినను ఈ విషయమున మాటలాడుటకు నాకు కొంత యధికారము కలదు. మాకు సమీపమునందలి యొక పట్టణములోని వైద్యకళాశాలవారు, ఉద్యోగము చాలించిన పెద్దలు కొందఱు కావలెననియు, తెలుగు స్పష్టముగా మాటలాడువారై యుండవలెననియు అడుగగా, నేనును చేరితిని. అప్పటినుండి నాకు ఎన్ని రోగములు వచ్చినవో, ఎన్నిమారులు కుదిరినవో లెక్క లేదు.

మొట్టమొదట మన ప్రాచీనుల సంగతి యొకటి చెప్పుదును. సుశ్రుత సంహితలో సూత్రస్థానమునందు యోగ్య యను పేర ఒక యధ్యాయము కలదు. యోగ్య యనగా చేతి యభ్యాసము. శాస్త్రమంతయు వల్లించినవాడైనను చేతితో నభ్యసింపనివాడు శస్త్రకర్మకు తగడని యాచార్యుని యభిప్రాయము. కోతలు నేర్చుటకు గుమ్మడి, ఆనప, పుచ్చ, దోస మొదలగు కాయలు. నరములు పొడుచుట నేర్చుటకు చచ్చిన పశువుల సిరలు, తామరతూండ్లు. కట్టు కట్టుట నేర్చుటకు గుడ్డ మొదలగువానితో చేసిన మనుష్యాకృతి. ఇవి యన్నియు నక్కడ పేర్కొనబడినవి. బ్రదికిన మనుష్యునిమీద కత్తి పెట్టుటకు ముందు కాయమీద పెట్టవలెనన్న మాట.

తరువాతి యధ్యాయము మఱింత విచిత్రమైనది. వైద్యుడు చికిత్సకై వీధిలోనికి వచ్చునపుడు గోళ్ళును వెండ్రుకలును కత్తిరించుకొని, శుచియై, తెల్లని బట్ట కట్టి, గొడుగును కఱ్ఱయు చేతబట్టి, చెప్పులు తొడిగి, మంచిమాటతో రావలెనని యందు చెప్పబడినది. రోగమును తెలిసికొనుటకు ఆఱు సాధనములు కలవనియు నచ్చటనే యున్నది. అందు ఐదు జ్ఞానేంద్రియములు, ఆఱవది ప్రశ్న. కన్ను, చెవి, ముక్కు, చేయి, నాలుక మొదలగువానితో సమానముగా అడుగుటను కూడ నొక యింద్రియమువలె లెక్కించిరి. నాకు చాలకాలమునుండి ఒక సందేహము. చేతికి గుమ్మడికాయను చూపిన యాచార్యుడు ప్రశ్నకు దేనిని చూపెను? అడుగుట నేర్చుకొను విద్యార్థి దేనిమీద నభ్యసింపవలెను? దానికి కాయ యేది? ఆ యధ్యాయములో నాకు సమాధానము దొరకలేదు. నిజమైన రోగిమీదనే గదా యనవచ్చును. అయిన నిజమైన రోగి నొప్పితో నుండును. వానికి అభ్యాసముతో పని లేదు.

ఈ కొఱతను తీర్చినవాడు హోవర్డ్ బారోస్ అను అమెరికా దేశపు నరముల వైద్యుడు. 1963వ సంవత్సరమున ఆయన లాస్ ఏంజిలిస్ నగరమునందలి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బోధించుచుండెను. విద్యార్థి రోగియొద్దకు పోయి యేమి చేయుచున్నాడో గురువులు తమ కన్నులతో చూచుట యరుదు. వాడు తిరిగివచ్చి చెప్పినదానినిబట్టి మార్కులు వేయుదురు. వంట చూడక వంటవాని మాటలు విని భోజనము బాగున్నదనుటవంటి దిది. అదిగాక బారోస్ న్యూయార్కులో శిక్షణ పొందుచున్న కాలమున ఒక రోగి చెప్పిన సంగతి ఆయన మనస్సున నాటియుండెను. ఆ రోగికి నిజముగానే నరముల వ్యాధి కలదు. ఉన్నత పరీక్షలకు వచ్చు వైద్యులు ఒకరి తరువాత నొకరుగా వానిని పరీక్షించుచుండిరి. అందులో నొకడు మిక్కిలి మోటుగా ప్రవర్తించెనట. రోగికి కోపము వచ్చినది. ఒక కాలిలో నుండు లక్షణమును రెండవ కాలిలో నున్నట్లు చూపెను; స్పర్శ తెలియని చోట్లను తాఱుమాఱుగా చెప్పెను. పాపము, ఆ వైద్యుని గతి యేమయ్యెనో! బారోస్ మాత్రము దీనినుండి ఒక రహస్యము గ్రహించెను. రోగలక్షణములను మనుష్యుడు తలచుకొన్న నటింపగలడు.

అంతట చిత్రకారులయెదుట నమూనాగా కూర్చుండు వృత్తి గల యొక స్త్రీకి తర్ఫీదిచ్చి, నరముల వ్యాధిచే రెండు కాళ్ళును పడిపోయిన రోగిగా నామెను విద్యార్థుల యెదుట నుంచెను. ఆమె అందఱి యెదుటను ఒకే విధముగా రోగమును చూపెను. పిమ్మట ప్రతి విద్యార్థియు నెట్లు ప్రవర్తించెనో వ్రాసి యిచ్చెను. 1964లో ఆయనయు ఏబ్రహామ్సన్ అను నాతడును కలసి దీనినిగూర్చి ఒక వైద్యవిద్యా పత్రికలో ప్రకటించిరి. లాస్ ఏంజిలిస్ సినిమాల పుట్టినిల్లు గదా. సినిమావాండ్రు వైద్యకళాశాలలో జొరబడిరని పత్రికలు పరిహసించినవి. తోడి వైద్యులు కూడ పెద్దగా మెచ్చలేదు. క్రొత్తది వచ్చినప్పుడు పండితులు చేయు మొదటి పని నవ్వుట. ఇది యన్ని శాస్త్రములయందును ఉన్నదే.

తరువాతి దశకమున అరిజోనాలో పాలా స్టిల్‌మన్ అను శిశువైద్యురాలు తల్లుల వేషము కట్టించినది. బిడ్డ యుండడు, తల్లి మాత్రము వచ్చి బిడ్డ జబ్బు చెప్పుకొనును. స్కాట్లండులో డండీ విశ్వవిద్యాలయమునందలి రోనాల్డ్ హార్డెన్ 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో ఒక క్రొత్త పరీక్షాపద్ధతిని ప్రకటించెను. నేడు లోకమంతటను వైద్యవిద్యార్థులు దానిని ఆస్కీ యందురు. దాని స్వరూపము కొంచెము వివరింతును.

వరుసగా గదులుండును. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పని. ఒక గదిలో ఛాతీనొప్పి రోగి. ఒక గదిలో రక్తపుపోటు చూడవలెను. ఒక గదిలో రబ్బరు చేతికి సూది పొడువవలెను. ఒక గదిలో కొడుకు జబ్బునుగూర్చి కోపముతో నున్న తండ్రి. విద్యార్థి తలుపుయొద్ద నిలిచి అక్కడ నంటించిన కాగితమును చదువుకొనును. గంట మ్రోగును. లోపలికి పోవును. నిర్ణీతమైన నిమిషములు గడచిన తరువాత మరల గంట. మాట సగములో నున్నను లేచి తరువాతి గదికి పోవలెను. ఇట్లు విద్యార్థు లందఱును అన్ని గదులును తిరుగుదురు. పరీక్షకుడు మూలన కూర్చుండి, చేతులు కడుగుకొనెనా, తన పేరు చెప్పెనా, రోగి యనుమతి యడిగెనా, ఇన్ని ప్రశ్నలు వేసెనా యని యొక పట్టికలో గుర్తులు పెట్టుకొనును. కొన్ని చోట్ల వేషరోగి కూడ మార్కులు వేయును.

దీనికి ముందున్న పద్ధతి యెట్టిదనగా, విద్యార్థికి ఆసుపత్రిలోని నిజమైన రోగి నొకనిని చూపి, ఒక గంట గడువిచ్చి, పిమ్మట ప్రశ్నించుట. అదృష్టవంతునికి సులభమైన రోగి దొరకును. దురదృష్టవంతునికి మాటలాడని రోగి దొరకును. పరీక్షలకు అలవాటుపడిన రోగులు తమ రోగము పేరును ఇంగ్లీషులోనే నేర్చుకొని, చేతిలో నాలుగు రూపాయలు పెట్టినవానికి చెవిలో నూదెదరన్న ముచ్చటలు మన దేశపు వైద్యులలో ప్రసిద్ధములు. అయినను ఆ పద్ధతిలో కూడ నొక గుణము కలదు. రోగము నిజమైనది. వాచిన ప్లీహమును, పచ్చబడిన కన్నులను, గుండెలోని యసహజ ధ్వనిని ఏ వేషగాడును తెచ్చిపెట్టుకొనలేడు. గుండె ధ్వనులకై 1968లో మయామీ విశ్వవిద్యాలయమున మైకేల్ గోర్డన్ అను వైద్యుడు హార్వీ యను పేర నొక బొమ్మనే చేసినాడు. ఈ కారణముననే నేటికిని నిజమైన రోగుల పరీక్ష పూర్తిగా పోలేదు. పోరాదని నా యభిప్రాయము.

ఇక నా వేషము. కళాశాలవారు మాకు మొదట ఒక కథ వ్రాసి యిత్తురు. నేను అరువదియైదేండ్ల రైతును, మూడెకరముల మాగాణి, చుట్ట కాల్చు నలవాటు, పదేండ్లుగా మధుమేహము. పొలమునుండి వచ్చి కూర్చుండగా ఱొమ్ములో బరువు. ఆ కథలో మూడు విధములైన మాటలుండును. అడుగకున్నను చెప్పవలసినవి కొన్ని. అడిగిననే చెప్పవలసినవి కొన్ని. ఎంత యడిగినను తెలియదని చెప్పవలసినవి కొన్ని. మొదటి విద్యార్థికి ఎట్లు చెప్పితినో కడపటివానికిని అట్లే చెప్పవలెను. వాని ముఖము చూచి జాలిపడి ఒక్క మాట హెచ్చు చెప్పినను, ముందువానికి అన్యాయము జరుగును. ఇది మిగుల కష్టము. ముప్పదేండ్లు పిల్లలకు సమాధానము తట్టకపోయినచో మొదటి యక్షర మందించినవాడను. ఆ యలవాటును మ్రింగి కూర్చుండవలెను.

నేను మొదట చెప్పవలసిన మాట ఇది: "గ్యాసు ఎగదన్నుతోంది బాబూ. ఏదన్నా మాత్ర ఇయ్యండి." ఎడమచేయి గుంజుచున్నదన్న మాట అడిగిననే చెప్పవలెను. చెమట పట్టినదన్న మాట అడిగిననే చెప్పవలెను.

శ్రోతలారా, ఈ కడపటి వాక్యమును కాగితముమీద చదివినపుడు నేను కొంతసేపు తల యెత్తలేకపోతిని. నాతో ఇరువది రెండేండ్లు ఒకే పాఠశాలలో లెక్కలు చెప్పిన మిత్రు డొక డుండెను. ఒకనాటి సాయంకాలము ఛాతీలో ఇబ్బందిగా నుండగా పట్టణములో నొక వైద్యునియొద్దకు పోయెను. "గ్యాసు ట్రబులండీ" అని తానే చెప్పెను. వైద్యుడు రెండు నిమిషములలో గ్యాసు మాత్ర వ్రాసి పంపెను. తెల్లవాఱకముందే నా మిత్రుడు పోయెను. ఆతని చొక్కా చెమటతో తడిసి వీపున కంటుకొని యుండెననియు, దారిపొడవునను ఎడమచేతిని రుద్దుకొనుచునే యుండెననియు ఆతని భార్య పిమ్మట మాతో చెప్పినది. ఆమె ఆ గదిలోనే యుండెను. ఆమెను ఎవరు నడుగలేదు. ఆతడు లెక్కల పండితుడు. చిన్న గుర్తు తప్పినను ఒప్పుకొననివాడు. అయినను చెమట యన్నది చెప్పవలసిన సంగతి యని ఆతనికి తెలియదు. తెలిసికొనవలసిన యవసరమును ఆతనికి లేదు. అది యడుగవలసినవాని విద్య.

కాగితము పట్టుకొని నేను వేషమునకు సిద్ధమైతిని. మొదటి విద్యార్థి చక్కని పిల్లవాడు. నా ముఖము చూడక తన చేతి గడియారమును చూచెను. "గ్యాసా? ఎన్ని రోజుల నుంచి? మసాలా ఎక్కువ తింటారా? రాత్రి ఆలస్యంగా పడుకుంటారా?" అని గ్యాసు దారినే పోయెను. నేను వేసిన మొదటి మాట వానికి కన్నులకు గంత కట్టినది. గంట మ్రోగువఱకు చెమట సంగతి నా నోటిలోనే యుండిపోయినది. తరువాతివాడు అన్ని ప్రశ్నలును అడిగెను; కాని పద్యము అప్పగించినట్లు ఒక్క గ్రుక్కలో నడిగెను. నేను ఔనన్నను కాదన్నను వాని స్వరము మాఱలేదు. అటు తరువాత వచ్చిన యమ్మాయి కుర్చీని కొంచెము దగ్గఱకు లాగుకొని కూర్చున్నది. "గ్యాసు అని మీకెందుకనిపించింది తాతగారూ?" అని యడిగినది. "నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు? అప్పుడు ఒళ్ళెలా ఉంది?" అన్నది. ఒళ్ళెట్లున్నదని యడిగినచో చెమట సంగతి చెప్పవలెనా వలదా యని నా కాగితములో లేదు. రైతు చెప్పునా చెప్పడా యని తలచుకొంటిని. చెప్పును. చెప్పితిని. విరామ సమయమున ఆచార్యులు దీనినిగూర్చి తర్కించి, ఆ ప్రశ్న చాలునని తీర్మానించి, మాయందఱి కాగితములలోను ఆ మాట చేర్చిరి. వ్యాకరణమునకు వార్తికము పుట్టినట్లు.

అది మార్కులు లేని యభ్యాస పరీక్ష యగుటచే ముగిసిన పిమ్మట మేము విద్యార్థులతో మాటలాడవచ్చును. మొదటి పిల్లవానితో, "నా చొక్కా తడిసిపోయిందయ్యా, నువ్వడగలేదు" అంటిని. వాడు చాలసేపు మాటలాడలేదు. నా మిత్రుని కథ వానికి చెప్పితిని. చెప్పవలసియుండెనా యని మా యాచార్యులలో కొందఱు సందేహించిరి. నాకు సందేహము లేదు.

ఇక్కడ మీకు పనికివచ్చు మాట యొకటి చెప్పి ముందుకు పోదును. వేషరోగి దాచిపెట్టవలెను, నిజమైన రోగి దాచరాదు. ఛాతీలో బరువుగాని, పట్టివేసినట్లుగాని, పిండినట్లుగాని యుండి, అది చేతికో, దవడకో, వీపుకో ప్రాకి, చెమటయో, ఆయాసమో, వాంతియో తోడైనచో గ్యాసని పేరు పెట్టవలదు. పేరు పెట్టుట వైద్యుని పని. మధుమేహము గలవారికి నొప్పి స్వల్పముగా నుండవచ్చును. ఒక్కొక్కప్పుడు నొప్పియే లేక ఆయాసము మాత్రమే యుండవచ్చును. స్త్రీలకు కూడ నిట్టి తేడాలు కలవు. ఆలస్యము చేయక, తెలవాఱనిమ్మని యూరకుండక, ఆసుపత్రికి పోయి గుండె పట్టీ తీయించుకొనవలెను. 108కి ఫోను చేసినచో బండి వచ్చును.

మరల విద్యార్థులయొద్దకు వత్తము. నొప్పినిగూర్చి యడుగవలసిన ప్రశ్నలను వారు సోక్రటీస్ అను గ్రీకు తత్త్వవేత్త పేరులోని యక్షరములతో జ్ఞాపకముంచుకొందురు. ఇంగ్లీషులో ఆ పేరున కెనిమిది యక్షరములు, ఎనిమిది ప్రశ్నలు. ప్రశ్నలు వేయుటకే పుట్టి, ప్రశ్నలు వేసినందుకే విషము త్రాగవలసి వచ్చిన మహానుభావుని పేరు ఇందులకు చక్కగా కుదిరినది. కాని ఆ యక్షరములను తెలుగు రైతుయొద్దకు తీసికొనిపోవునప్పుడే చిక్కు. నొప్పి క్యారెక్టర్ ఏమిటని ఒక విద్యార్థి నన్నడిగెను. నొప్పికి నడత యేమిటని నేను తెల్లబోతిని! అందుచేత కళాశాలవారి కోరికపై నేను వాని కన్నిటికిని తెలుగు మాటలు వ్రాసి యిచ్చితిని. ఎక్కడ, ఎప్పుడు మొదలు, ఎట్టి నొప్పి, ఎటు ప్రాకుచున్నది, తోడుగా నేమున్నది, ఎంతసేపు, దేనిచే హెచ్చును, దేనిచే తగ్గును, ఎంత బాధ.

ఎట్టి నొప్పి యన్నచోట మన భాషకున్న సంపదను ఆ పిల్లలు ఎఱుగరు. పోటు వేఱు, సలుపు వేఱు, తీపు వేఱు, గుంజు వేఱు, మంట వేఱు, పీకు వేఱు, నులి వేఱు. కురుపు సలుపును, కన్ను పోటెత్తును, జ్వరము వచ్చినవాని కాళ్ళు తీయును, కడుపు నులిపెట్టును, నరము లాగును. పల్లెటూరి ముసలమ్మ ఈ మాటలను ఒకదాని స్థానమున నొకటి వాడదు. నైఘంటికులకన్న ఆమెయే మేలు. వైద్యుడు వీనిని "పెయిన్" అను నొక్క మాటలోనికి నెట్టి వ్రాసికొనుచున్నాడు. "వేడి చేసింది" అన్నచో జ్వరము కాదనియు, మూత్రములో మంట కావచ్చును, నోటిలో పుండ్లు కావచ్చుననియు, "ఏమి వేడి, ఎక్కడ?" అని మరల నడుగవలెననియు నేను పదిమంది విద్యార్థులకైన చెప్పియుందును. ఇంగ్లీషు బడులలో చదివి వచ్చిన మన బిడ్డలకు మన రోగులే పరదేశులైరి. 2019లో జాతీయ వైద్యవిద్యా పాఠ్యక్రమము మాఱినప్పుడు, రోగితో మాటలాడు విద్యను, నడవడిని, ధర్మమును ఎట్‌కామ్ అను పేర ప్రత్యేకముగా బోధింపవలెనని విధించిరి; తొలి దినములలో స్థానికభాష నేర్పుటకును అవకాశము కల్పించిరి. మంచిది. ఎంత లోతుగా జరుగుచున్నదన్నది ఆ యా కళాశాలల శ్రద్ధనుబట్టి యుండును.

మన తెలుగు బిడ్డలు విదేశములలో వైద్యులగుటకు కూడ ఈ వేషరోగులను దాటియే పోవలసివచ్చెను. అమెరికాలో 1998నుండి విదేశములలో చదివినవారికి, 2004నుండి స్వదేశీయులకును విదేశీయులకును ఇట్టి పరీక్ష యుండెను. ఒక దినమున పండ్రెండుగురు వేషరోగులు; ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు; పిమ్మట వ్రాతకు పది నిమిషములు. ఫిలడెల్ఫియా, షికాగో, అట్లాంటా, హ్యూస్టన్, లాస్ ఏంజిలిస్ అను ఐదు నగరములలోనే జరుగుచుండెను. రుసుము వేయి డాలర్లను మించినది. ఇక్కడనుండి పోవువారు ఓడవంటి విమానమెక్కి పోయి, పండ్రెండు తలుపులు తట్టి, తిరిగి వచ్చుచుండిరి. కోవిడు మహమ్మారిచే 2020లో దానిని నిలిపివేసిరి. 2021 జనవరిలో పూర్తిగా ఎత్తివేసిరి. అంతకు ముందే, 2016లో, అక్కడి విద్యార్థులే ఇంత ఖర్చు పెట్టి అందఱును ఉత్తీర్ణులగు పరీక్ష యెందులకని విన్నపములు చేసియుండిరి. ఇంగ్లండుకు పోవువారికి మాత్రము మాంచెస్టరు నగరమున ప్లాబ్ రెండవ భాగ మను పేర నట్టి పరీక్ష నిలిచియున్నది. పదునాఱు గదులు, ఒక్కొక్క గదిలో ఎనిమిది నిమిషములు, తలుపుయొద్ద చదువుకొనుటకు నిమిషమున్నర.

మా వీధిలోని యొక పిల్లవాడు ఆ పరీక్షకు పోవుటకు ముందు మా యరుగుమీద నాతో నభ్యసించెను. సెల్‌ఫోనులో ఎనిమిది నిమిషములకు గంట పెట్టుకొనెడివాడు. నా భార్య చనిపోయినదని నేను నటనగా చెప్పగనే, "ఐ యామ్ సో సారీ టు హియర్ దట్" అని, ఊపిరి తీయక, "డు యు స్మోక్?" అనెను. లోపలనుండి విన్న మా యావిడ, తాను బ్రదికియే యున్నందుకు సంతోషించి, మజ్జిగ తెచ్చి యిచ్చినది. వాడును నవ్వెను. తప్పు వానిది గాదు. తర్ఫీదు కేంద్రములలో వాక్యములు వల్లె వేయించుచున్నారు. విచారము ప్రకటించినందుకు ఒక మార్కు. అది వచ్చినది గదా, తరువాతిదానికి పోదము. ఇదియే ఈ పద్ధతిలోని పెద్ద లోపము. పట్టికలో గుర్తు పెట్టదగినదానిని మాత్రమే పిల్లలు నేర్చుకొందురు. దయకు గుర్తు పెట్టుట యెట్లు? వేషరోగి యెదుట వేషవైద్యుడు కూర్చుండినచో ఇద్దఱును నటులే యగుదురు.

దీనికి నా యనుభవమున దొరికిన మందు ఒక్కటే, మౌనము. ఇంకొక వేషమున నేను రోగి భర్తను. నా భార్యకు క్యాన్సరని విద్యార్థి నాకు చెప్పవలెను. ఆ మాట వినినతోడనే నేను ఏమియు మాటలాడక నేలను చూచుచు కూర్చుండవలెనని కథలో నున్నది. ఆ మౌనమును సహింపలేక కొందఱు వెంటనే మందులు, ఆపరేషను, శాతములు చెప్పసాగుదురు. నాకు ఏమియు వినబడదు. వేషములో నున్నను వినబడదు, అది విచిత్రము. ఒకడు మాత్రము మాటలాడక కూర్చుండెను. చాలసేపటికి మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపెను. పట్టికలో మంచినీళ్ళకు మార్కు లేదు. నేను నా వంతు మార్కులలో వేసితిని. ఎనిమిది నిమిషముల పరీక్షలో అంతసేపు ఊరకుండుటకు ఎంత గుండె కావలెనో పరీక్ష వ్రాసినవారి కందఱకును తెలియును.

నటించి నటించి నిజముగా దయ కలుగునా యని మీరడుగవచ్చును. పిల్లలకు పెద్దలను చూచినపుడు నమస్కారము చేయుట మొదట చేతికే నేర్పుదుము. మనస్సు తరువాత వచ్చునని నమ్మకము. కొందఱికి వచ్చును, కొందఱికి రాదు. చెమట సంగతి యడుగుట నేర్చినవానికి దయ లేకున్నను నా మిత్రుడు బ్రదికి యుండునేమో. ఆ మాత్రము చాలునని నే ననుకొందును.

మీ గ్రామములకును ఈ పిల్లలు వచ్చుచున్నారు. 2022నుండి వైద్యవిద్యార్థులు పల్లెలలో కొన్ని కుటుంబములను దత్తు తీసికొని, చదువుకాలమున వారి యారోగ్యమును కనిపెట్టుచుండవలెనని నియమము వచ్చినది. తెల్లకోటు వేసికొని మీ యరుగు మీదికి వచ్చినపుడు వారిచేతిలో ఒక ఫారముండును. ఫారము నింపుకొని పోనీయక కూర్చుండబెట్టుడు. మీ మోకాలు పోటా, సలుపా, తీపా యని వారిచేత నడిగింపుడు. ఒకవేళ "అంకుల్" అని పిలిచినను కోపగింపకుడు. పెదనాన్నగారూ యని పిలువ నేర్పుడు.

నాకు వచ్చు గురువారము క్రొత్త వేషము. పక్షవాతము వచ్చి మాట పడిపోయిన వృద్ధుడు. ఎదుటివారి మాటలన్నియు తెలియును గాని నోట మూడు మాటలకు మించి రాదు. అవియు తాఱుమాఱుగా రావలెను. ముప్పదేండ్లు సంధులును సమాసములును చెప్పిన నోటికి ఇది యెట్లు పట్టుబడునో తెలియదు. నేటి సాయంకాలము అభ్యాసమునకు రమ్మన్నారు.